పెద్దాయన కొరడాకి ఇంకా పదును ఉందా?

ప్ర: కొరడా పట్టుకు తిరిగే పురావస్తు శాస్త్రవేత్త ఇండియానా జోన్స్ మొదటి మూడు సినిమాలూ ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. 2008లో వచ్చిన నాలుగోది మాత్రం సగంలో ఆపేశాను. హీరో పెద్దవాడైపోవడమే కారణమా? 2023లో వచ్చిన ఐదోది చూడొచ్చా?
(ఒక పాఠకురాలు, విజయవాడ)

జ: నేరం వయసు మీద వేయకండి. ఆ నాలుగోది, 'క్రిస్టల్ స్కల్', విడుదలనాటికి హీరో హారిసన్ ఫోర్డ్‌కు 65 ఏళ్లు. అయినా కాలేజీ వీధుల్లో మోటార్‌సైకిల్ ఛేజ్ చూడండి. యేల్ యూనివర్సిటీ పరిసరాల్లో నిజం బళ్లతో తీశారు, ఇప్పటికీ ఊపిరి బిగబట్టిస్తుంది. అదే సినిమా అడవి ఛేజ్‌కి వచ్చేసరికి తేలిపోతుంది. అక్కడ చాలా భాగం కంప్యూటర్‌లో అతికించింది కావడంతో, మనుషుల మీద పడే వెలుగూ చెట్ల మీది వెలుగూ కలవవు. 1981 నాటి మొదటి సినిమా 'రైడర్స్'లో లారీ కిందినుంచి ఈడ్చుకుపోయింది స్టంట్‌మాన్ టెర్రీ లెనార్డ్. ఆ మట్టీ, ఆ చక్రాలూ నిజం కాబట్టే మనకు భయం వేస్తుంది.

నాలుగోదాని కథ కూడా ఆ భయాన్ని చంపేసింది. అణుబాంబు పేలుతుంటే ఫ్రిజ్‌లో దూరి బతికి బయటపడ్డవాడికి మూడు జలపాతాలు ఒక లెక్కా?

మీకు ఏదో తేడాగా అనిపించడానికి కెమెరా కూడా కారణమే. మొదటి మూడింటికి డగ్లస్ స్లోకోంబ్ పనిచేశారు, నాలుగోదానికి యానుష్ కమిన్‌స్కీ. వెలుగు చుట్టూ ఆ పాలపొగ అందుకే.

ఐదోదాన్ని, మొదటి నాలుగూ తీసిన స్పీల్‌బర్గ్ కాకుండా జేమ్స్ మాంగోల్డ్ తీశారు. 1944లో జరిగే మొదటి ఘట్టం సుమారు 25 నిమిషాలు. మొహానికి కంప్యూటర్ కుర్రతనం తెచ్చింది కానీ గొంతు ఎనభైకి దగ్గరపడ్డ మనిషిదే. కళ్లు ఒకటి చెబుతుంటే చెవులు ఇంకోటి చెబుతాయి. మొరాకో సందుల్లో ఆటో ఛేజ్ (అవును, మన మూడు చక్రాల ఆటోనే!) సరదాగా మొదలై విసుగొచ్చేదాకా సాగుతుంది. 'రైడర్స్' నిడివి 115 నిమిషాలైతే ఇది 154. ఆ అదనపు బరువంతా ఛేజ్‌లదే.

అయినా చూడండి. రిటైరైన రోజు ఒంటరి గదిలో కూర్చున్న ఇండీ, రాత్రి పడవ మీద కొడుకు గురించి అతను చెప్పే నాలుగు మాటలు ముసలితనం ఉంటేనే పండే సీన్లు. నాలుగోది వయసును జోకులకు వాడుకుంటే, ఇది కథకు వాడుకుంది.

ప్ర: మా అబ్బాయికి పదేళ్లు. కథాకాలం ప్రకారం రెండో సినిమా 'టెంపుల్ ఆఫ్ డూమ్'తో మొదలుపెట్టనా?
(ఒక పాఠకుడు, వరంగల్)

జ: వద్దు. అది 1935 కథే అయినా, చేత్తో గుండె పెకిలించే సీన్ ఉంది. అమెరికాలో 1984లో పీజీ-13 రేటింగ్ (పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులకు హెచ్చరిక) పెట్టడానికి కారణమైన సినిమాల్లో ఇదొకటి. 'రైడర్స్'తో మొదలుపెట్టి, చివర్లో పెట్టె తెరిచినప్పుడు కళ్లు మూసుకోమనండి. తర్వాత మూడోది, 'లాస్ట్ క్రూసేడ్'. 'టెంపుల్'ని పదమూడేళ్లు వచ్చాక మీరు పక్కన కూర్చుని చూపించండి. ఆ కోతి మెదడు విందు మన దేశపు భోజనం కాదనీ, మన ప్రభుత్వం అనుమతి ఇవ్వక శ్రీలంకలో తీశారనీ, ఊరివాళ్లు మాట్లాడేది సింహళమనీ చెప్పాలిగా! విలన్ అమ్రీష్ పురిని మాత్రం 'జగదేకవీరుడు అతిలోకసుందరి' మహాద్రష్టగా వాడే గుర్తుపట్టొచ్చు. నాలుగు, ఐదు వాడు అడిగితేనే.