ఫింగర్‌ప్రింట్ సరిచూడకుండా మొదలుపెట్టవద్దు

చిరంజీవి అమ్మాయికి, పెద్దనాన్న ఆశీస్సులు.

సందేశాలను మూసి విప్పే సంఖ్యలైన కీలను పంపిణీ చేసే సర్వర్ గానీ, ఏ కీ ఎవరిదో ధ్రువపత్రాలిచ్చే సంస్థ గానీ లేకుండానే పన్నెండు మందికి రహస్య సంభాషణ ఏర్పాటు చేయబోతున్నావని మీ నాన్న చెప్పినప్పుడు ఎంతో గర్వపడ్డాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

సందేశాలను పరాయివారు చదవలేకుండా మార్చే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్‌ను సొంతంగా రాయవద్దు. సందేశాలను విప్పే ప్రైవేట్ కీ ఎవరి పరికరంలో పుట్టిందో అక్కడే ఉండాలి. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా ఫింగర్‌ప్రింట్ గురించే, అంటే అందరికీ ఇచ్చే పబ్లిక్ కీ నుంచి లెక్కగట్టే చిన్న గుర్తింపు సంఖ్య గురించే. 1976లో డిఫీ, హెల్‌మన్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించిన పద్ధతిలో ముందు పరిచయం లేని ఇద్దరు, అందరూ వినే మార్గంలోనే ఉమ్మడి రహస్యాన్ని ఏర్పరచుకోగలరు. అయితే అవతలి మనిషి ఎవరన్నది ఆ గణితం చెప్పదు. అది తెలిసి కూడా, మా బృందం మొదలైన రోజున తొందరపడి, పబ్లిక్ కీని, దాని ఫింగర్‌ప్రింట్‌ను ఒకే మెయిల్‌లో పంపమని అందరికీ చెప్పాను. ఒక సభ్యుడి మెయిల్ అప్పటికే పరాయివాడి చేతిలో ఉంది. వాడు తన కీని, దానికి సరిపోయే ఫింగర్‌ప్రింట్‌ను పంపి, మా సందేశాలను విప్పి చదివి, సభ్యుడి అసలు కీతో మళ్లీ మూసి అతనికి చేరవేస్తూ వచ్చాడు. మూడు వారాల తర్వాత వేరే పని మీద ఫోన్ చేసి, మాటల మధ్య అంకెలు చదివించుకున్నప్పుడు గానీ తేడా బయటపడలేదు. ఈలోగా మాటలు బయటికి పొక్కుతున్నాయని మేమంతా అనుమానించింది అతన్నే. తరువాత అతను నన్ను క్షమించాడు గానీ బృందంలోకి తిరిగి రాలేదు.

అందుకే తల్లీ, కీ వచ్చిన దారిలో ఫింగర్‌ప్రింట్ రాకూడదు. ఎదురుగా కూర్చొని, అది కుదరకపోతే గొంతు గుర్తుపట్టగలిగినవారు ఫోన్‌లో, అంకెలన్నీ చదువుకోవాలి. సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌లో ఇలా సరిచూసే సంఖ్య 60 అంకెలు ఉంటుంది; మొదటివి, చివరివి చూసి వదిలేయడం నేను ఒప్పుకోను. పన్నెండు మందికి 66 జంటలు అవుతాయి కనుక, నువ్వే పదకొండు మందివీ సరిచూసి, ఆ జాబితాపై నీ కీతో సంతకం చేసి పంచితే పని తగ్గుతుంది. కానీ అప్పుడు అందరి నమ్మకం నీ ఒక్క కీ మీదే నిలుస్తుంది. కాబట్టి మరొకరి చేత కూడా విడిగా సరిచూపించు.

ఎవరైనా బృందాన్ని విడిచి వెళితే అదే రోజు అందరూ కలిసి వాడే గ్రూప్ కీ మార్చు. 2023లో ప్రమాణంగా వచ్చిన ఎంఎల్‌ఎస్ అనే గ్రూప్ సందేశాల భద్రతా పద్ధతి ఆ మార్పును సులభం చేస్తుంది.

అడిగితే ఎదుటివారు నొచ్చుకుంటారేమోనన్న మొహమాటం నీకు చిన్నప్పటినుంచీ ఉంది. ఈ పనిలో దానికి చోటివ్వకు. ముందుగా నాతో సాధన చెయ్యి. ఆదివారం ఫోన్ చేస్తే నా అంకెలన్నీ నిదానంగా చదువుతాను, నీవి నాకు చదివి వినిపించు.