రిపోర్టులో పాజిటివ్ వచ్చినవన్నీ మానేయాలా?

పర్లాకిమిడి నుంచి అడిగారు కదండీ: మీ అబ్బాయికి వానలు తగ్గే రోజుల్లో తుమ్ములు, కళ్ల దురద. కర్బూజా, అరటిపండు తింటే నాలుక, అంగిలి చురచుర. రక్తపరీక్ష చేయిస్తే గరిక పుప్పొడితో పాటు టమాటా, గోధుమ, కందిపప్పు, వేరుశనగ, ఇంకా బోలెడు పాజిటివ్. పిల్లాడికి ఇక ఏం పెట్టాలి అని.

మాది గుణుపురం. డాక్టర్ని కాను. అచ్చం అలాంటి చాంతాడు రిపోర్టు నాకూ వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఇన్నాళ్లూ హాయిగా తింటున్న కందిపప్పుని కాగితం చూసి మానిపించకండి. ఆ పరీక్ష చెప్పేది ఒంట్లో ఆ పదార్థాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలు ఉన్నాయని మాత్రమే. తింటే ఎలర్జీ వస్తుందో లేదో అది ఒక్కటే చెప్పలేదు.

అన్ని పాజిటివ్‌లు ఎందుకంటే, ప్రొఫిలిన్ అనే చిన్న ప్రొటీన్ ఒకటుంది. మొక్క కణాల్లో లోపలి చట్రం కట్టే పనిలో ఉంటుంది. దాదాపు ప్రతి మొక్కలోనూ ఉంటుంది, పైగా ఎక్కడైనా ఒకే పోలికలో ఉంటుంది. ఎలర్జీ తెచ్చే ప్రొటీన్‌గా దీన్ని మొదట పట్టుకున్నది యూరప్‌లో, బిర్చ్ చెట్టు పుప్పొడిలో, 1991లో. మనకి బిర్చ్ లేకపోయినా చేనుగట్ల మీద గరిక ఉంది, దాని పుప్పొడిలోనూ ప్రొఫిలిన్ ఉంది. ముక్కు ద్వారా గరిక ప్రొఫిలిన్‌కి అలవాటుపడిన యాంటీబాడీలు కర్బూజాలోదాన్ని చూసి అదే అనుకుంటాయి. పరీక్షలో గోధుమ, టమాటా కూడా అలాగే వెలుగుతాయి. మొక్కల ప్రొటీన్లకి అంటుకుని ఉండే కొన్ని చక్కెర గొలుసుల వల్ల కూడా ఇలా ఉత్తుత్తి పాజిటివ్‌లు వస్తాయి.

ప్రొఫిలిన్ వేడికి, కడుపులోని రసాలకి నిలవదు. అందుకే గొడవంతా నోటి దగ్గరే, అదీ పచ్చిగా తిన్నప్పుడే. నా సంగతే చూడండి: దాల్మాలో (ఒడియావాళ్లు కూరగాయలు వేసి వండే పప్పు) ఉడికిన అరటికాయ ఎంత తిన్నా ఏమీ కాదు. పణా సంక్రాంతికి పక్కింటి ఒడియావాళ్లు మారేడు గుజ్జులో అరటిపండు మెదిపి గ్లాసు చేతికిస్తే మాత్రం రెండు గుక్కలకే అంగిలి గోక్కోవాలనిపిస్తుంది. వద్దంటే వాళ్లు నొచ్చుకుంటారు, అది వేరే బాధ. టమాటా చారు పరవాలేదు, టమాటా పచ్చిముక్కలు పడవు. మీ అబ్బాయి విషయంలోనూ ముందు ఇదే గమనించండి, పచ్చిదా, ఉడికిందా అని. (కంద, చేమదుంప దురదని ఈ లెక్కలో కలపకండి. అది సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు గుచ్చుకోవడం, ఎలర్జీ కాదు.)

అయితే ఈ ఉడికించే సూత్రం వేరుశనగ, జీడిపప్పుల దగ్గర పనికిరాదు. పలాస మనకి పక్కనే, జీడిపప్పు లేని పెళ్లి విందు ఉండదు కాబట్టి గట్టిగా చెప్తున్నాను. వాటిలో అసలు ఎలర్జీ తెచ్చేవి గింజలో నిల్వ ఉండే ప్రొటీన్లు. వేయించినా, అరిగినా చావవు. పీచ్ పండు తొక్కలో ఎక్కువగా ఉండే ఎల్‌టీపీ (లిపిడ్ ట్రాన్స్‌ఫర్ ప్రొటీన్) రకం ప్రొటీన్లూ అంతే మొండివి. మీ అబ్బాయి ఇప్పటిదాకా వేరుశనగ చట్నీ తింటూ బాగానే ఉంటే అది మంచి సూచనే. ఎప్పుడూ తిననిదైనా, ఒకసారి తేడా చేసినదైనా ఇంట్లో 'కొంచెం పెట్టి చూద్దాం' అనే ప్రయోగం వద్దు. ఒళ్లంతా దద్దుర్లు, పెదవులో గొంతో వాయడం, ఊపిరాడకపోవడం, వాంతులు, కళ్లు తిరగడం వస్తే సిట్రిజిన్ ఇచ్చి కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. అక్కడ కావలసింది అడ్రినలిన్ ఇంజెక్షన్.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టుతో పాటు ఏం తిన్నాడు, పచ్చిదా వండిందా, ఎంతసేపటికి ఏమైంది, ఆ రోజు తుమ్ములున్నాయా అన్నది రాసి పట్టుకెళ్లండి. నన్ను చూసిన ఎలర్జీ డాక్టరు రిపోర్టు పక్కనపెట్టి ముందు ఇవే అడిగారు. తర్వాత పండునే తెమ్మని, సూదిని దానిలో గుచ్చి అదే సూదితో నా ముంజేతి మీద గుచ్చి చూశారు. చర్మపరీక్ష కోసం తయారుచేసి సీసాల్లో అమ్మే పండ్ల సారాల్లో ఈ సున్నితమైన ప్రొటీన్లు చాలావరకు పాడైపోతాయట, అందుకే పండునే తెమ్మన్నారు. చర్మపరీక్షకి కొన్ని రోజుల ముందే సిట్రిజిన్ లాంటివి ఆపాలి. ఎన్ని రోజులో ఫోన్ చేసినప్పుడే అడగండి, లేకపోతే బరంపురమో విశాఖపట్నమో వెళ్లి ఊరికే తిరిగి రావాల్సి వస్తుంది.