విజయవాడ నుంచి విశాఖకు విమానంలో ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది?

ఒక చోట 290, ఇంకో చోట 350 కిలోమీటర్లు అని మీరు చూసిన అంకెలు రెండూ సరైనవే. విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం నుంచి విశాఖ విమానాశ్రయానికి తిన్నగా కొలిస్తే సుమారు 290 కిలోమీటర్లు. 350 అన్నది హైవే మీద దూరం, రైలుకీ దాదాపు అంతే.

ఇంత దగ్గరికి టికెట్ మీద గంటా పది నిమిషాలు ఎందుకు వేశారంటే, అది గాల్లో ఉండే సమయం కాదు. విమానం స్టాండు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల మళ్ళీ ఆగేదాకా లెక్క, దాంట్లో కాస్త లేటైనా సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు ఎక్కువే వేసుకుంటారు. గాల్లో ఉండేది ముప్పావుగంట, అటూ ఇటూగా. ఈ రూట్లో నేను ఎక్కువగా ఎక్కింది రెక్కల కింద ఫ్యాన్లు తిరిగే ఏటీఆర్ అనే చిన్న విమానం, అది గంటకు 500 కిలోమీటర్ల లోపే పోతుంది. జెట్ అయితే 800 దాటుతుంది కానీ ఇంత చిన్న దూరంలో ఎక్కడం, దిగడంతోనే సగం టైం అయిపోతుంది కాబట్టి పెద్ద తేడా ఉండదు. పైగా విశాఖలో చాలాసార్లు నేరుగా దిగదు, ఊరు దాటి సముద్రం మీదికి వెళ్ళి, వెనక్కి తిరిగి పోర్టు వైపు నుంచి వస్తుంది. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ తీసుకోండి, మబ్బుల్లేకపోతే రాజమండ్రి దగ్గర గోదావరి, ధవళేశ్వరం కింద అది పాయలుగా చీలడం బాగా కనిపిస్తాయి.

అసలు లెక్క ఇంటి నుంచి ఇంటికి వెయ్యాలి. మాది బెంజ్ సర్కిల్ దగ్గర. రామవరప్పాడు రింగు ట్రాఫిక్‌తో కలిపి గన్నవరానికి ముప్పావుగంట పెట్టుకుంటాను, చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు, అవతల బ్యాగు చేతికొచ్చి ఎండాడ వైపు చేరేసరికి ఇంకో గంట. మొత్తం నాలుగు గంటలు ఎటూ పోవు. వందేభారత్ కూడా విశాఖకు నాలుగున్నర గంటలే, అటూ ఇటూగా, స్టేషన్ ఊళ్ళోనే ఉంటుంది, పెట్టె తూకం గొడవా లేదు. అందుకే ఇంట్లోవాళ్ళతో వెళ్తే నేను రైలే ఎక్కుతాను. రత్నాచల్ లాంటి మామూలు రైలైతే ఆరు గంటల పైనే, అప్పుడు విమానానికి కాస్త అర్థం ఉంది.

మీరు గన్నవరం, హనుమాన్ జంక్షన్ వైపు వాళ్ళై, విశాఖలో పని విమానాశ్రయానికి దగ్గర్లోని గాజువాక, ఎన్ఏడీ జంక్షన్ చుట్టుపక్కలైతే మాత్రం కళ్ళు మూసుకుని విమానం ఎక్కండి, గంటకు పైనే కలిసొస్తుంది. విమానాలు భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి నడిస్తే మాత్రం ఈ లెక్క పనికిరాదు, అక్కడి నుంచి విశాఖ ఊళ్ళోకి నలభై కిలోమీటర్ల పైమాటే.

ఇంకోటి, ఈ రూట్లో రోజుకు తిరిగే విమానాలు తక్కువ, టైమింగ్స్ కూడా మారుతుంటాయి. ఒకసారి వానకు మా విమానం లేటై, అవతల మీటింగ్ సగం అయ్యాక చేరాను, ఆ టెన్షన్ మామూలుగా లేదు. పొద్దున వెళ్ళి రాత్రికి రావాల్సిన పనైతే ముందు తిరుగు విమానం ఎన్నింటికో చూసుకుని, ఆ తర్వాతే వెళ్ళే టికెట్ తియ్యండి.