ఆటిజం ఉన్న బాబుకు ఏ ప్రైవేట్ స్కూల్? మా పాప విషయంలో మాకు తెలిసొచ్చినవి

బాబుకు 6 ఏళ్లు, ఆటిజం ఉంది, మాటలు తక్కువ, స్పెషల్ స్కూల్లో వేయాలా మామూలు ప్రైవేట్ స్కూల్లో వేయాలా తేల్చుకోలేకపోతున్నామని రాశారు. మా పాపకూ ఆటిజమే అండీ, ఇప్పుడు 11 ఏళ్లు. నా మాట వింటే, ముందు బోర్డు మీద ఏం రాసుందో పక్కన పెట్టండి. ఇన్‌క్లూజివ్ అని రాసుకున్నంత మాత్రాన పిల్లల్ని కలుపుకుంటారని లేదు, స్పెషల్ అని రాసుకున్నంత మాత్రాన నేర్పుతారనీ లేదు. రోజంతా బాబు పక్కన ఎవరుంటారు, వాళ్లకు ఏం వచ్చు అన్నది తెలుసుకోండి.

మొదటి స్కూల్లో పాపకు షాడో టీచర్‌ను, అంటే క్లాసులో పాప పక్కనే ఉండి సాయం చేసే టీచర్‌ను పెట్టారు. జీతం మేమే ఇచ్చాం. ఏడాది చివర నోట్‌బుక్కులు ఇంటికొస్తే అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఎంత సంబరపడ్డానో! సెలవుల్లో ఓ రోజు పెన్సిల్ ఇచ్చి "నీ పేరు రాయమ్మా" అన్నాను. పెన్సిల్ పట్టుకుని, ఆ చేతిని తెచ్చి నా చేతిలో పెట్టి ఆగిపోయింది. నేను కదిపితే రాద్దామని చూస్తోంది. ఏడాదంతా జరిగింది అదన్నమాట. ఆ షాడో టీచర్‌ను తప్పుపట్టలేను, ఎలా నేర్పాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. క్లాస్ టీచర్ మాత్రం పాప తన బాధ్యతే కాదనుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే షాడో టీచర్ ఉన్నారా అని అడిగి ఊరుకోకండి. సాయం ఎప్పటినుంచి తగ్గిస్తారు, ఎలా తగ్గిస్తారు అని అడగండి. ఐఈపీ అంటే ఒక్కో పిల్లవాడికి విడిగా రాసే ప్లాన్. పాతది ఒకటి, పేరు కనపడకుండా చూపించమనండి. "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని రాసి వదిలేస్తే అది ఎందుకూ పనికిరాదు. "దాహమేస్తే బొమ్మ కార్డు ఇచ్చి నీళ్లు అడగాలి, 5 సార్లలో 4 సార్లు" అన్నట్టు ఉండాలి.

కార్డులంటే గుర్తొచ్చింది. పిల్లలకు బొమ్మ కార్డులతో అడగడం నేర్పే పెక్స్ పద్ధతి 1985 నుంచీ ఉంది. అవి అలవాటైతే ఇక మాటలు రావని మాకు ఒకచోట చెప్పారు, చాలా భయపడ్డాం. కానీ కార్డులు మాటకు అడ్డుపడతాయని పరిశోధనల్లో ఎక్కడా తేలలేదు, కొందరు పిల్లలకు మాటలు పెరిగాయి కూడా. కావలసింది చెప్పుకునే దారి లేని పిల్లవాడు అరుస్తాడు, కొడతాడు. దాన్ని మొండితనం అనే చోట, గదిలో ఒంటరిగా పెట్టి తలుపేసే చోట బాబును వేయకండి.

స్కూల్ చూడ్డానికి వెళ్తే బెల్ కొట్టేదాకా ఉండండి. ఆ మోత, తోపులాట, కుర్చీల చప్పుడు... మన పిల్లలకు కష్టమంతా అక్కడే. ఇప్పటి స్కూల్లో నేను చూసింది చెబుతాను. బెల్‌కు ఇంకా 2 నిమిషాలుందనగా టీచర్ ఒక బాబు ముందు మోకాళ్ల మీద కూర్చుని, నాలుగు బొమ్మలు చూపించి "ఇప్పుడు ఎక్కడికి వెళ్దాం?" అని అడిగింది. అడిగి ఊరుకుంది. నేనైతే ఆపాటికి మూడుసార్లు అడిగేదాన్ని. ఆవిడ 10 సెకన్లు ఆగింది. బాబు లైబ్రరీ బొమ్మ మీద వేలు పెట్టాడు. పాపను అక్కడే చేర్చాలని అప్పుడే అనుకున్నాను.

సీటివ్వడమే దయ అన్నట్టు మాట్లాడేవాళ్లు ఎదురవుతారు. తలొంచుకోకండి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 24వ అధికరణం, అందరితో కలిసి చదువుకోవడం మన పిల్లల హక్కు అంటోంది.

డబ్బు సంగతి మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి. థెరపీ ఫీజులోనే ఉందా, విడిగా కట్టాలా? ఏ కారణాలతో పంపేస్తారు, మధ్యలో పంపేస్తే ఎంత తిరిగిస్తారు? కట్టేముందు నాలుగు రోజులు ట్రయల్‌గా కూర్చోబెట్టుకోమనండి. మొదటి రోజు ఏడుపు చూసి బెంబేలు పడకండి. నాలుగో రోజు గేటు దగ్గర మీ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడో చూడండి.