సంచిలో కట్టి వదిలేస్తే పిల్లుల బెడద పోతుందా?

మూగజీవాల గురించి పాఠకుల ప్రశ్నలకు పశువైద్యుల జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మాది విశాఖ ఎం.వి.పి. కాలనీలో ఒక అపార్ట్‌మెంట్. నేను అసోసియేషన్ కార్యదర్శిని. నిరుడు సెల్లార్‌లో ఒకటే పిల్లి ఉండేది. ఇప్పుడు పిల్లలతో కలిపి పదకొండయ్యాయి. రాత్రిళ్లు గండుపిల్లుల అరుపులు, కార్ల మీద గోళ్ల గీతలు, పూల కుండీల్లో పెంట. మూడో అంతస్తులో టీచరమ్మ గారు రోజూ వాటికి తిండి పెడతారు, అందుకని అందరూ ఆవిడ మీద విరుచుకుపడుతున్నారు. సంచిలో కట్టి భీమిలి వైపు వదిలేసి వస్తానని వాచ్‌మన్ అంటున్నాడు. ఒకరిద్దరు ఎలుకల మందు పెట్టేద్దామంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ఎలుకల మందు మాట ఇంకెవరి నోటా రాకుండా చూడండి. వాటిలో కొన్ని రకాలు తింటే రక్తం గడ్డకట్టదు. పిల్లి రోజుల తరబడి లోలోపల రక్తం కారి చస్తుంది. అలా వచ్చిన పిల్లుల్ని నా టేబుల్ మీద చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. పైగా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువుకు విషం పెట్టి చంపితే అయిదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఇక సంచి సంగతి. మన ఊళ్లలో తరతరాలుగా చేస్తున్న పనే ఇది, ఏటి అవతల వదిలేసి రావడం. తిండి దొరికే చోటు, దాక్కునే మూల తెలియని కొత్త ప్రాంతంలో ఆ పిల్లి కుక్కల బారినైనా పడుతుంది, ఆకలికైనా చస్తుంది. జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం కూడా. పోనీ దాంతో మీ బాధ తీరుతుందా అంటే అదీ లేదు. మీ సెల్లార్‌లో ఎలుకలున్నాయి, చెత్త డబ్బా ఉంది, పడుకోవడానికి నీడ ఉంది. ఆ చోటు ఖాళీ అయిందంటే పక్క వీధి పిల్లులు వచ్చి చేరతాయి. అవి కూడా ఈనుతాయి. వచ్చే ఏడాది మళ్లీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది.

ఆడపిల్లి అయిదారు నెలలకే ఎదకు రావచ్చు. కడుపుతో ఉండేది రెండు నెలలే. ఒక్కో ఈతకు మూడు నుంచి అయిదు పిల్లలు మామూలు. పిల్లలు పాలు తాగుతుండగానే మళ్లీ కట్టగలదు. ఒకటి పదకొండు కావడంలో టీచరమ్మ గారి చేప ముక్కల తప్పు లేదు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ జరగకపోవడమే అసలు కారణం.

కాబట్టి చేయాల్సింది ఒక్కటే. పట్టి, ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, తిరిగి అదే సెల్లార్‌లో వదలండి. మత్తులో ఉండగానే డాక్టరు ఎడమ చెవి కొస కాస్త కత్తిరిస్తారు. అది చూసి జాలిపడకండి. ఆ చెవి గుర్తు లేకపోతే ఆపరేషన్ అయినదేదో కానిదేదో దూరం నుంచి తెలియక, అయినదాన్నే మళ్లీ పట్టుకొస్తారు.

పట్టడానికి మీకు దొరికిన గొప్ప సాయం ఆ టీచరమ్మ గారే. పిల్లులు నమ్మేది ఆవిడనే. ఆవిడతో గొడవ మాని, రోజూ ఒకే వేళకు, ఒకే చోట పెట్టమని అడగండి. అరగంట కాగానే మిగిలింది తీసేయాలి, లేకపోతే ఎలుకలూ చీమలూ చేరతాయి. బోను తెచ్చిన రోజు మాత్రం తిండి ఆపేసి, ఆ వేళకే బోను లోపల చివర్న నాలుగు ఎండు మెత్తళ్లు పెట్టండి. ఆ వాసనకు లొంగని పిల్లి అరుదు. బోను అడుగున కాగితం పరిస్తే కాలికి కమ్మీలు తగలక జంకకుండా లోపలికి నడుస్తుంది. తలుపు పడగానే పిల్లి పిచ్చెత్తినట్టు కొట్టుకుంటుంది. అప్పుడు పాత దుప్పటి మొత్తం కప్పేయండి. చీకటి కాగానే అంతటి గండుపిల్లీ నిమిషాల్లో నెమ్మదిస్తుంది. ఎవరూ చేయి లోపల పెట్టకూడదు. బోనుతోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎవరికైనా గోరు గీరినా, పన్ను దిగినా వెంటనే సబ్బుతో ధారగా పావుగంట కడిగి, ప్రభుత్వాసుపత్రికి వెళ్లి కుక్క కరిస్తే వేసే ఇంజెక్షన్లే వేయించుకోవాలి. పిల్లి కదా అని ఊరుకోవద్దు.

ముందుగా ఆడపిల్లుల్ని పట్టండి. పాలిచ్చే తల్లి అయితే పిల్లలు సొంతంగా తినడం మొదలుపెట్టేదాకా ఆగండి. గండుపిల్లికి సాధారణంగా కుట్లే ఉండవు, మర్నాడే వదిలేయొచ్చు. ఆడదాన్ని రెండు మూడు రోజులు బోనులో, సద్దు లేని గదిలో ఉంచాలి. కరిగిపోయే కుట్లు వేయమని డాక్టరుకు ముందే చెప్పండి, మళ్లీ పట్టే పని తప్పుతుంది. ఆపరేషనైన గండుపిల్లి అరుపులు మర్నాడే ఆగవు. ఒంట్లోని హార్మోన్లు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. ‘డబ్బులు దండగయ్యాయి’ అని మీ వాళ్లు అప్పుడే నిట్టూర్చకుండా ముందే చెప్పి ఉంచండి.

ఖర్చు మాటకొస్తే, కార్పొరేషన్ బండి ఎక్కువగా కుక్కల కోసమే వస్తుంది. పిల్లుల కోసం మీరే తిరగాలి. మీ ఊళ్లో జంతు సంరక్షణ సంస్థ వి.ఎస్.పి.సి.ఎ. వారిని అడగండి. హైదరాబాద్ పాఠకులు 1992 నుంచి పనిచేస్తున్న బ్లూ క్రాస్ అనే అలాంటి సంస్థనే అడగొచ్చు. ప్రైవేటు డాక్టర్లు కూడా వీధి పిల్లులంటే కొంత తగ్గిస్తారు. నేనైతే తగ్గిస్తాను. మెయింటెనెన్స్ డబ్బుల్లోంచి ఫ్లాటుకు కొంత తీస్తే ఎవరికీ భారం కాదు.

కుండీల్లో మట్టి కనబడకుండా గులకరాళ్లు పరవండి, సెల్లార్ మూల ఒక ఇసుక తొట్టి పెట్టండి. మెత్తటి ఇసుక ఉంటే వాటికి కుండీలతో పనిలేదు. చలికాలం ఉదయాల్లో కారు తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టండి, ఇంజిన్ వెచ్చదనానికి లోపల దూరి పడుకుంటాయి. ఫినాయిల్ చల్లడం, కలరా ఉండలు వేయడం ఆపించండి. పిల్లి పాదాలకు అంటినది నాకేస్తుంది, ఆ విషాన్ని దాని కాలేయం తట్టుకోలేదు.

ప్రశ్న: నాకు నాలుగో నెల. ఇంట్లో తిరిగే పిల్లి వల్ల కడుపు పోతుందని, దాన్ని తరిమేయమని మా అత్తయ్య అంటున్నారు. నిజమేనా? — కరీంనగర్ నుంచి ఒక సోదరి

జవాబు: మీ అత్తయ్యగారి భయంలో కొంత నిజం ఉందమ్మా. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి పెంటలో ఉండొచ్చు, గర్భంలో బిడ్డకు హాని చేయొచ్చు. అయితే అది బొచ్చు వల్ల రాదు, పక్కన పడుకుంటే రాదు. పిల్లికి మొదటిసారి సోకినప్పుడు కొన్ని వారాలే పెంటలో పడుతుంది. ఆ పెంట ఒకరోజు దాటి నిల్వ ఉంటేనే అంటుతుంది. అందుకే పిల్లి పెంటను రోజూ వేరేవాళ్లు ఎత్తేయాలి, మీరు ముట్టుకోవద్దు. మొక్కల పని చేస్తే గ్లవ్స్ వేసుకోండి. ఆకుకూరలు బాగా కడగండి. మాంసం పూర్తిగా ఉడికించండి, సగం ఉడికిన మాంసంతోనూ ఇది సోకుతుంది. రక్తపరీక్ష అవసరమా అని మీ డాక్టరమ్మను అడగండి. పిల్లిని తరమనక్కర్లేదు.

ప్రశ్న: మా అటక మీద పిల్లి ఈనింది. నిన్నటి నుంచి తల్లి కనబడటం లేదు. ఆవుపాలు పడితే పిల్లలకు విరేచనాలు అవుతున్నాయి. — భీమవరం నుంచి ఇంటర్ విద్యార్థి

జవాబు: ఆవుపాలు ఇప్పుడే ఆపు బాబూ. వాటితో విరేచనాలై ఒంట్లో నీరు పోయి చచ్చిపోతాయి. పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, తల్లి కొత్త చోటు వెతుక్కుంటూ ఉండొచ్చు, మనుషుల అలికిడికి బెదిరి దూరంగా ఉండొచ్చు. పిల్లలు వెచ్చగా ఉండి, కిక్కురుమనకుండా నిద్రపోతుంటే కొన్ని గంటలు దూరం నుంచి చూడు. ముట్టుకుంటే చల్లగా ఉన్నా, ఆగకుండా ఏడుస్తున్నా ఇక ఆగొద్దు. ముందు గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టి వెచ్చబరచు. చల్లబడిన పిల్లకు పాలు పట్టకూడదు. పెట్ షాపుల్లో పిల్లిపిల్లల పాలపొడి దొరుకుతుంది, అది కలిపి రెండు మూడు గంటలకోసారి పట్టాలి. బోర్లా పడుకోబెట్టి పట్టు, వెల్లకిలా వద్దు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పట్టిన ప్రతిసారీ తడి దూదితో కింద మెల్లగా తుడిస్తేనే మూత్రం పోస్తాయి, తల్లి నాకి చేయించే పని అది. ఇప్పటికే విరేచనాలు పట్టుకున్నాయి కాబట్టి రేపు ఉదయమే మీ ఊరి పశువైద్యశాలకు తీసుకెళ్లు.