కళ్ల ఫొటోల పరీక్షలో 36కి 22 వస్తే ఎదుటివారి భావాలు తెలియనట్టేనా?

కళ్ల ఫొటోల పరీక్షలో మీకు 36కి 22 వచ్చాయని, ఆటిజం ఉన్నవారి సగటు కూడా దాదాపు అంతేనని చదివి భయపడ్డానని రాశారు. మూడేళ్ల క్రితం ఇదే పరీక్షలో నాకు 21 వచ్చింది. అప్పుడు నేనూ ఇలాగే కలత చెందాను కాబట్టి, ఆ తరువాత చదివి తెలుసుకున్నది కాస్త వివరంగా చెబుతాను.

బ్రిటిష్ మనస్తత్వవేత్త సైమన్ బారన్-కోహెన్ బృందం 1997లో రూపొందించి 2001లో సవరించిన పరీక్ష ఇది. కళ్ల భాగం మాత్రమే కనిపించే ఒక్కో ఫొటోకు నాలుగేసి పదాలు ఇస్తారు, ఆ కళ్లలోని భావానికి సరిపోయే పదాన్ని ఎంచుకోవాలి. కళ్లు మూసుకుని గుర్తు పెట్టినా సగటున 9 వస్తాయి కాబట్టి, మీ 22 ఊహాగానంతో వచ్చినది కాదు. 2001 నాటి అధ్యయనంలో సాధారణ జనాభా సగటు 26.2 కాగా, ఆస్పర్గర్ సిండ్రోమ్ (ఆటిజంకు చెందిన ఒక స్థితి) లేదా ఆటిజం ఉన్న పెద్దల సగటు 21.9, అయితే ఆ రెండో బృందంలో ఉన్నది 15 మంది మాత్రమే. పైగా సాధారణ బృందంలో ప్రామాణిక విచలనం (మార్కులు సగటుకు అటూ ఇటూ మామూలుగా ఎంత దూరంలో ఉంటాయో చెప్పే లెక్క) 3.6, అంటే ఏ ఇబ్బందీ లేనివారిలో కూడా 22 దగ్గర ఆగినవారు అరుదేమీ కాదు. ఒక బృందం సగటును ఒక మనిషికి రోగనిర్ధారణగా అంటగట్టకూడదు.

నా విషయంలో అసలు చిక్కు పదాల దగ్గర వచ్చింది. అఘాస్ట్, డెస్పాండెంట్, టెంటేటివ్ వంటి ఇంగ్లిష్ మాటల అర్థం నాకు ఉజ్జాయింపుగానే తెలుసు. అసలు పరీక్షతో పాటు పదాల అర్థాల పట్టిక కూడా ఇస్తారు. నేను రాసిన చోట అది లేదు. వారం తరువాత నిఘంటువు పక్కన పెట్టుకుని మళ్లీ రాస్తే 26 వచ్చింది. ఫొటోలు అప్పటికే చూసి ఉండటం కొంత కలిసివచ్చి ఉండవచ్చు, కానీ వారం రోజుల్లో మనుషుల ముఖాలు చదివే నేర్పు నాలో అంతగా పెరగలేదని మాత్రం ఖాయంగా చెప్పగలను.

ఇంకో సంగతి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆ ఫొటోలు పత్రికల నుంచి తీసుకున్నవి. ఆ క్షణంలో మీ మనసులో ఏముందని అందులోని వారిని ఎవరూ అడగలేదు. పరిశోధకులు ఎంచిన పదాన్ని తీర్పరులలోనూ, ఆ తరువాత ఒక పెద్ద సమూహంలోనూ ఎక్కువమంది ఒప్పుకుంటే అదే సరైన జవాబయింది. కాబట్టి మీ మార్కు చెప్పేది, ఎక్కువమంది అభిప్రాయంతో మీరు ఎంతవరకు ఏకీభవించారన్నది.

మొత్తం మార్కు కంటే తప్పుల తీరు ఎక్కువ చెబుతుందని నా నమ్మకం. ప్రతి ముఖాన్నీ కోపంగా ఉందనేవారికి కోపపు ముఖాలన్నీ సరిగ్గానే వస్తాయి. ఈ లోపాన్ని సరిచేసే లెక్కను వాగ్నర్ అనే పరిశోధకుడు 1993లో ప్రతిపాదించారు. పూర్తి ముఖాల పరీక్ష ఒకటి రాసినప్పుడు నేను భయాన్ని ఆశ్చర్యంగా పొరబడ్డాను. రెండింటిలోనూ కళ్లు విప్పారి, కనుబొమలు పైకి లేస్తాయి కాబట్టి ఇది చాలామంది చేసే పొరపాటే. అయితే విచారంగా ఉన్న ముఖాలకు కూడా కోపమని గుర్తు పెట్టానని చూసుకున్నప్పుడు, ఇంట్లో నా భార్య అలసటను ఎన్నిసార్లు కోపంగా తీసుకున్నానో గుర్తొచ్చి బాధ కలిగింది. అప్పటి నుంచి ఊహించుకోకుండా నేరుగా అడుగుతున్నాను.

చిన్నప్పటి నుంచీ మనుషులతో మెలగడంలో మీకు నిజంగా ఇబ్బంది ఉంటే క్లినికల్ సైకాలజిస్టును కలవండి. లేకపోతే, తప్పిపోయిన ఆ 14 ఫొటోలను మళ్లీ తీసి, ఎక్కడ పదం తెలియలేదో, ఎక్కడ ఒకే భావం వైపు పదేపదే మొగ్గారో గుర్తించి ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం.