టొయామాకు వెళ్తున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

జపాన్‌లోని టొయామాలో మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఆ ప్రాంతంతో మన ఆంధ్రప్రదేశ్ 2015లోనే సహకార ఒప్పందం చేసుకుంది, కాబట్టి మన రాష్ట్రం పేరు విన్నవాళ్లు తగులుతారు.

నువ్వు చేరేది నవంబరులో. అందుకే ముందు మంచు సంగతి. మ్యాపు తెరిచి చూడు: ఉత్తరాన సముద్రం, మిగతా మూడు వైపులా కొండలు. తతెయామా కొండ 3,015 మీటర్ల ఎత్తు, ఎదురుగా ఉన్న టొయామా అఖాతం వెయ్యి మీటర్లకు మించిన లోతు. సైబీరియా గాలి సముద్రం మీద తేమ పట్టుకుని వచ్చి ఆ కొండలకు తగిలి అంతా అక్కడే దింపేస్తుంది. అది తడి మంచు, బాగా బరువు. రోడ్డు మధ్య గొట్టాల్లోంచి భూగర్భజలం చిమ్మి కరిగిస్తారు. కార్లకు హాయే, నడిచేవాళ్లకు మాత్రం పాదాలు మునిగే నీళ్లు. ఇక్కణ్ణుంచి తోలు బూట్లు మోసుకెళ్లకు, అక్కడ దిగిన వారంలోనే పొడుగు రబ్బరు బూట్లు కొనుక్కో. ఎండ కాస్తున్నా గొడుగు సంచిలో ఉండాల్సిందే. అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవొద్దని ఆ వైపు సామెత. మంచుకు ముందు ఉరుములు దద్దరిల్లుతాయి, భయపడకు. అవి వినగానే, దగ్గరలోని హిమి రేవుకు బురి చేపలొచ్చే కాలమైందని అక్కడివాళ్లు సంబరపడతారు.

నువ్వు చేపలు తినవు కదా, సముద్రపు నాచు కొంబును సన్నగా తురిమి చుట్టిన అన్నపు ముద్దలు అడుగు. ఊరంతా ఇష్టంగా తింటారు. లోపల ఏం పెట్టారో మాత్రం కనుక్కో. సూపుల జోలికి పోకు, చాలావాటిలో చేప రసం ఉంటుంది.

మనుషులు మొదట ముభావంగా కనిపిస్తారు. తొందరపడి నొచ్చుకోకు. టొయామా మందుల వర్తకులు 300 ఏళ్లకు పైగా దేశమంతా తిరిగారు. మందుల పెట్టె ఇంట్లో ఉంచి వెళ్లిపోయి, మళ్లీ వచ్చినప్పుడు వాడినవాటికే డబ్బు తీసుకునేవారు. నమ్మకమే వాళ్ల పెట్టుబడి. ఆఫీసులో నువ్వూ చెప్పిన రోజుకు పని ఇవ్వు, కుదరకపోతే ముందే చెప్పు. స్నేహం దానంతటదే వస్తుంది.

చలికాలంలో మూసి ఉన్న తతెయామా కొండ దారిని ఏప్రిల్ మధ్యలో తెరుస్తారు. మంచు గోడల మధ్య బస్సు వెళ్తుంది, తప్పక చూడు. నెలాఖరు సెలవుల్లో మాత్రం వద్దు, జనం కిటకిటలాడతారు.

ఇల్లు ట్రాము దారిలోనే తీసుకో. చౌకని శివార్లకు పోతే పొద్దున్నే కారు చుట్టూ మంచు తవ్వుకోవాలి. అడ్వాన్సు కట్టేముందు స్టాపు పేరు నాకు రాయి, ఎంత దూరమో చూసి చెబుతాను.

మీ పెద్దమ్మ